సోమవారం పొద్దుటి మెయిలు

కొత్త మందుల మీద జరిగే పరీక్షల వివరాలు చూసే కంపెనీలో నేను పనిచేస్తాను. మందు తయారుచేసేవాళ్ళు ఎక్కడో ఉంటారు, దాన్ని రోగులకిచ్చి చూసే ఆసుపత్రులు ఇంకెక్కడో ఉంటాయి. మందు వేసుకున్నాక ఎవరికి నయమైంది, ఎవరికి ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి, ఎవరు కళ్ళు తిరిగి పడిపోయారు అన్న సమాచారం మాత్రం మా దగ్గరికి చేరుతుంది. రాయదుర్గం మెట్రో దిగి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక అద్దాల బిల్డింగులో మా ఆఫీసు. శేరిలింగంపల్లిలో పాత షెడ్ల మధ్య మా ల్యాబ్. రెండూ కలిపితే వెయ్యిమందికి అటూ ఇటుగా ఉంటాం. ఆ వెయ్యిమంది మెయిలు నడిపించడం నా పని.

ఈ రోజుల్లో చాలా కంపెనీలు మెయిలును బయటివాళ్ళకు అప్పజెప్పి నెలనెలా కిరాయి కట్టుకుంటున్నాయి. మాకు ఆ వీలు లేదు. మాకు పని ఇచ్చేవాళ్ళలో కొందరు, రోగుల సంగతులున్న మెయిలు మా చేతి నుంచి బయటికి పోకూడదని ఒప్పందంలోనే రాయించుకున్నారు. అందుకని మా మెయిలు మా సర్వర్లలోనే, మా డిస్కుల మీదే ఉండాలి. బయట ఎక్కడికెళ్ళినా ఈ మాట చెబితే నా తోటివాళ్ళు జాలిగా చూసేవాళ్ళు. ఇంకా సర్వర్లు కొనే కంపెనీలున్నాయా అనేవాళ్ళు. నాకు మాత్రం ఎప్పుడూ చిన్నతనంగా అనిపించలేదు. తాళం తీసి లోపలికెళ్తే చల్లటి గాలి మొహానికి తగిలి, ఫ్యాన్ల హోరులో నా మాట నాకే వినపడని ఆ గది నాకు ఇష్టం.

మాది నల్గొండ పక్క. అమ్మ సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. ఇప్పుడు ప్రగతి నగర్‌లో మా దగ్గరే ఉంటుంది. ఆదివారం చర్చిలో ఎవరైనా మీ బిడ్డ ఏం పనిచేస్తదని అడిగితే, "ఆఫీసుల ఉత్తరాలు ఆగకుండ చూస్తది" అని చెప్తుంది. నా ఉద్యోగం గురించి అంతకన్నా సరిగ్గా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

నేను చెప్పబోయే ఏడాదిలో ఆ ఉత్తరాలు ఆగడం మొదలుపెట్టాయి. అదీ సోమవారం పొద్దున.

మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఏదో ఒకలా నడిచేది. సోమవారం పొద్దున అందరూ ఒక్కసారిగా వచ్చి కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి, చేతిలో ఫోను పట్టుకుని, రెండు రోజుల మెయిలు కోసం చూసేవాళ్ళు. స్క్రీన్ మీద ఆ చిన్న గుండ్రం తిరుగుతూనే ఉండేది. పంపిన మెయిలు పోయేది కాదు, వెతికితే దొరికేది కాదు. నా టేబుల్ మీద ఫోను మోగుతూనే ఉండేది. కొందరు లేచి నా దగ్గరికే వచ్చి నిలబడేవాళ్ళు. నేను సర్వర్‌లో అవసరం లేని పనులు ఒక్కొక్కటే ఆపుకుంటూ మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చేదాన్ని. ఆదివారం చర్చికి పోయొచ్చాక, సాయంత్రం బట్టలు ఇస్త్రీ చేస్తూనే మర్నాడు ముందుగా ఏమేం ఆపాలో లెక్కేసుకునేదాన్ని.

మా మేనేజరు సారుది భీమవరం. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే. మాటకు ముందొక 'అండి', మాట చివరొక 'అండి' పెట్టి ఎంత పెద్ద గొడవనైనా చల్లార్చేవారు. ఆయన ఈ సోమవారాలు చూసి చూసి ఒక నిర్ణయానికొచ్చారు. సర్వర్ పాతదైంది, డిస్కులు నిండిపోవచ్చాయి, పెద్దది కొనేద్దాం అన్నారు. మాకు ఎప్పుడూ సామాను ఇచ్చే డీలరును పిలిపించారు. ఆ డీలరు తెచ్చిన ప్రతిపాదన చూడ్డానికి బాగుంది. ఇప్పుడున్నదానికి ఎన్నో రెట్లు చోటున్న పెట్టె. లోపల పెద్ద పెద్ద డిస్కులు, అందుకే తక్కువ డిస్కులు. కరెంటు కూడా తక్కువే తింటుంది. సారుకు నచ్చింది. డైరెక్టరు గారితో మాట కూడా అనేశారు. నన్ను పిలిచి, "ఇదోసారి చూసి, ప్లాన్ కింద రాసిచ్చేయమ్మా, సంతకం పెట్టించేద్దాం" అన్నారు.

నేను కొంచెం గడువు అడిగాను. ఎందుకని అడిగారు. సోమవారం ఏం జరుగుతోందో ఇంకా నాకే సరిగ్గా తెలియదు సార్ అన్నాను. ఆయన నవ్వి సరేనన్నారు.

ముందు నేను చేసింది కొలవడం. ఆ సోమవారాలూ, నెలాఖరు రోజులూ సర్వర్ ఏ క్షణంలో ఏం చేస్తోందో రాసిపెట్టుకునేలా ఏర్పాటు చేసి, స్క్రీన్ మీద ఆ కొలతలు గీసే గీతల ముందు కూర్చున్నాను. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. డిస్కులు నిండుతున్నాయి, నిజమే, కానీ ఇంకా చోటుంది. ప్రాసెసరుకు తీరికే. మెమరీ ఫర్వాలేదు. అయినా మెయిలు కదలడం లేదు. రెండు మూడు సోమవారాలు పోయాక సంగతి బయటపడింది. డిస్కులు నిండి కాదు, ఊపిరాడక ఆగిపోతున్నాయి. ప్రతి ఒక్కరి ల్యాప్‌టాపూ, ప్రతి ఒక్కరి ఫోనూ ఒక్కసారే వచ్చి నా కొత్త మెయిలేది, నా కొత్త మెయిలేది అని అడుగుతున్నాయి. అన్నీ చిన్న చిన్న అడగడాలే. ఆ చిన్నవాటి కోసం డిస్కు లోపల చదివే సూది ఇటు పోయి, అటు పోయి, మళ్ళీ ఇటు రావాలి. సెకనులో అది అన్నిసార్లు తిరగలేదు. మిగతా అందరూ వరసలో నిలబడుతున్నారు.

ఇది అర్థమైన రోజు నేను లంచ్ డబ్బా కూడా తెరవలేదు. ఎందుకంటే డీలరు చెప్పిన పెట్టెలో ఉన్నవి ఇంకా పెద్ద డిస్కులు, ఇంకా తక్కువ డిస్కులు. అంటే చోటు పెరుగుతుంది, తిరిగే సూదులు తగ్గుతాయి. అది కొంటే మా సోమవారం ఇంకా కష్టమవుతుంది.

సారుకు వెంటనే చెప్పలేదు. చెప్పేముందు ఇంకో పని చేయాలనిపించింది. గీతలు చూసి మెయిలు సంగతి కొంతే తెలుస్తుంది, మెయిలు వాడే మనుషులను చూడాలి కదా. అందుకని రోజుకొక విభాగం చొప్పున వెళ్ళి వాళ్ళ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మీరు మెయిలుతో ఏం చేస్తారో జర చూపిస్తారా అని అడిగాను. మొదట బెదిరారు. మెయిల్‌బాక్సులు తగ్గించడానికొచ్చానని అనుకున్నారు. తర్వాత మాట్లాడారు. అకౌంట్స్‌లో ఒకాయన చేరినప్పటి నుంచి ఒక్క మెయిలు కూడా తీసేయలేదు, ఎప్పుడు ఆడిట్‌వాళ్ళు ఏమడుగుతారో అని. హెచ్ఆర్‌వాళ్ళు ఎవరి పుట్టినరోజైనా కేకు ఫొటోలన్నీ పెట్టి ఆఫీసంతటికీ పంపుతున్నారు. ల్యాబ్‌వాళ్ళు ఒకే రిపోర్టును ప్రతి చిన్న మార్పుకూ మళ్ళీ మళ్ళీ ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఇవన్నీ విన్నాక, వచ్చే కొన్నేళ్ళలో ఎంత పెరుగుతుందో ఊహించి వేసే లెక్క నాకు మనుషుల మొహాలతో సహా కనిపించసాగింది. ఎవరిది ఆపవచ్చు, ఎవరిది పాత మెయిలు దాచే చోటికి జరపవచ్చు, ఎవరిది ముట్టుకోకూడదు అన్నది తేలింది.

చివరికి మందుల భద్రత చూసే విభాగానికి వెళ్ళాను. దానికి పెద్ద ఒక డాక్టరమ్మ. ఆమెది వరంగల్. ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో చేసి, తర్వాత ఈ పనిలోకి వచ్చారు. ఆఫీసులో అందరూ ఆమెకు కొంచెం భయపడేవాళ్ళు. సోమవారం మెయిలు ఆగినప్పుడు నాకు ఫోను చేయని మనిషి ఆమె ఒక్కరే. ఎందుకు చేయరని అడిగితే, నేను ఫోను చేస్తే నువ్వు మాట్లాడ్తవా, పని చేస్తవా అన్నారు.

నేను కొత్త సర్వర్ గురించి చెప్పాను. ఇప్పటికన్నా పెద్దదిగా ఉంటుంది, వేగంగా ఉండేలా ప్రయత్నిస్తున్నాను అన్నాను. ఆమె విని, తన పని గురించి చెప్పారు. ఎక్కడో ఒక ఆసుపత్రిలో పరీక్షలో ఉన్న మందు వేసుకున్న ఒకావిడకు ఫిట్స్ వచ్చాయట. అక్కడి డాక్టరు వెంటనే మెయిలు పెట్టారు. అది సరిగ్గా సోమవారం పొద్దున వచ్చి మా సర్వర్ ముందు వరసలో నిలబడింది. అదే మందు ఇంకా ఎన్నో ఊళ్ళలో ఎంతోమందికి ఇస్తున్నారు. వాళ్ళందరికీ తర్వాతి డోసు ఆపమని ఈమె చెప్పాలి. ఆ మెయిలు చేతికి రాకపోతే ఆపమని చెప్పేదెలా? ఆ రోజు ఆసుపత్రి నుంచి ఒకరు ఫోను కూడా చేశారు గనుక సరిపోయిందన్నారు. ఆ మాట ఆమె కోపంగా చెప్పలేదు. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత ఆమె అడిగారు. "సరే, పెద్దది కొంటరు, మంచిగ నడుస్తది. అది పాడైతే మళ్ళ ఎప్పుడొస్తది?"

"బ్యాకప్ ఉంటుంది మేడమ్" అన్నాను.

"బ్యాకప్ ఉందా అని నేను అడగలే. ఎప్పుడొస్తది అని అడిగిన."

కనుక్కొని చెప్తానన్నాను. మా దగ్గర రోజూ బ్యాకప్ తీస్తున్నాం. ఒక్కొక్కరి పోయిన మెయిళ్ళు తెచ్చి ఇచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. కానీ మొత్తం మెయిలు మొత్తంగా పోతే, మొత్తంగా తిరిగి తేవడానికి ఎంతసేపు పడుతుందని అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మరునాడు పక్కన పడివున్న ఒక ఖాళీ మెషిన్‌ను శుభ్రం చేసి, దాని మీదికి బ్యాకప్ తిరిగి తేవడం మొదలుపెట్టాను. పొద్దున మొదలుపెట్టాను. మధ్యాహ్నం చూస్తే కొంచెం కదిలింది. సాయంత్రం నేను బ్యాగు సర్దుకునేసరికి సగం కూడా కాలేదు. మూడో రోజుకి గానీ అయ్యేలా లేదు. ఇంతా చేసి అది ఇప్పుడున్న మెయిలు. డీలరు చెప్పిన పెట్టె నిండా మెయిలు చేరితే వారం కూడా చాలదేమో.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాను. అమ్మకు డిస్కులు తెలియవు. కానీ విన్నాక ఒక మాట అన్నది. దవాఖానల పెద్ద వార్డు ఒక్కటే ఉంటే, దాంట్ల ఏదన్న అయితే అందరిని ఒక్కపారే లేపి తీస్కపోవాలె, చిన్న చిన్న వార్డులైతే ఒక్కటే ఖాళీ చేస్తే అయిపాయె అన్నది. నేను అప్పటికే ఆ దారిలోనే ఆలోచిస్తున్నాను, అయినా అమ్మ నోట ఆ మాట వినడం నాకు ధైర్యమిచ్చింది.

అప్పటిదాకా నేను వేసిన ప్లాన్ పక్కన పెట్టి, వెనక నుంచి మొదలుపెట్టాను. ఎంత మెయిలు పడుతుంది అని కాకుండా, ఎంత మెయిలును ఒక్క పూటలో తిరిగి తేగలం అన్నదాంతో మొదలుపెట్టాను. ఆ కొలతకు మెయిల్‌బాక్సులను చిన్న చిన్న గుంపులుగా విడగొట్టాను. ఒక గుంపు పాడైతే ఆ గుంపే ఆగుతుంది, మిగతావాళ్ళకు తెలియను కూడా తెలియదు. భద్రత విభాగాన్ని ఒక్క గుంపులో పెట్టకుండా రెండు మూడింటికి పంచాను, ఏది పోయినా వాళ్ళలో కొందరైనా పనిచేసేలా. రోజూ వాడే మెయిలుకు సూది తిరగాల్సిన పని లేని కొత్త రకం డిస్కులు రాశాను. అవి చిన్నవి, కానీ అడిగిన వెంటనే ఇస్తాయి. ఏళ్ళనాటి మెయిలుకు, అంటే అకౌంట్స్ ఆయన దాచుకున్నలాంటివాటికి, పెద్ద డిస్కులే చాలు. అన్నింటికన్నా ముఖ్యమైనది, ఇలాంటిదే ఇంకో మెషిన్ శేరిలింగంపల్లి ల్యాబ్‌లో పెట్టాలని రాశాను. ఇక్కడ రాసిన ప్రతి మెయిలూ వెంటనే అక్కడ కూడా రాసుకుంటుంది. ఇక్కడిది ఆగితే అక్కడిది అందుకుంటుంది.

మేనేజరు సారు అది మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు. తర్వాత ఇది ఎక్కువైపోతుందేమోనన్నారు. ఒక పెట్టె అడగమంటే రెండు అడుగుతున్నావన్నారు. డైరెక్టరు గారితో ఒక మాట అనేశాక ఇప్పుడు వెళ్ళి ఇంకో మాట చెప్పాలా అన్నారు. ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి. అయినా నేను తగ్గలేదు. "సార్, వెయ్యిమంది పట్టే ఫంక్షన్ హాలు కట్టి ఒకటే తలుపు పెడితే, భోజనాలప్పుడు ఏమైతది? ఆ డీలరు ఇంకా పెద్ద హాలు ఇస్తనంటున్నడు, తలుపు మాత్రం ఇంకా చిన్నది" అన్నాను. కంగారులో ఆఫీసు భాష పోయి ఇంటి భాష వచ్చేసింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరేనమ్మా. నువ్వు చెప్పింది కాదు, నేను చెప్పింది కాదు. రెండూ తెప్పించి నడిపి చూద్దాం. ఏది నిలబడితే దాన్ని పట్టుకెళ్దాం" అన్నారు.

డీలరు పరీక్షకని తన పెట్టె తెచ్చి పెట్టాడు. నేను రాసిన రకం డిస్కులతో ఇంకోటి కూడా, అయిష్టంగానే, తెప్పించాడు. మా సోమవారం పొద్దున ఎలా ఉంటుందో నా దగ్గర కొలతలున్నాయి కదా. అవే అడగడాలు, అదే తాకిడి, నకలు మెయిళ్ళతో ఆ రెండింటి మీదికి వదిలాను. మొదట డీలరు చెప్పిన పెట్టె. కాసేపు బాగానే నడిచింది. డీలరు మనిషి సారు వైపు చూసి తలూపాడు. తర్వాత ఆఫీసు నిండే వేళకు ఎంత తాకిడి ఉంటుందో అంత పెంచాను. జవాబుకు పట్టే సమయం చూపే గీత పైకి లేచింది, లేచి అక్కడే ఉండిపోయింది. జవాబులు రావడం ఆగింది. నాకు అలవాటైన ఆ గుండ్రమే స్క్రీన్ మీద తిరిగింది.

రెండోదాని మీద అదే తాకిడి వదిలాను. గీత కొంచెం లేచింది, దిగింది. ఇంకా పెంచాను. వచ్చే కొన్నేళ్ళకు మనుషులు పెరుగుతారని లెక్కేసుకున్నంత పెంచాను. మళ్ళీ కొంచెం లేచింది, మళ్ళీ దిగింది. సారు కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు ఆ గీతనే చూశారు. డీలరు మనిషి, మీకు కావాల్సింది ఇదని ముందే చెబితే ఇదే రాసిచ్చేవాళ్ళం కదా మేడమ్ అన్నాడు.

సారు డైరెక్టరు గారి గదికి నన్ను కూడా తీసుకెళ్ళారు. సారే మాట్లాడతారనుకున్నాను. ఆయన తలుపు దగ్గర ఆగి, నీ ప్లాన్ నువ్వే చెప్పమ్మా అన్నారు. నేను గీతల గురించి ఎక్కువ చెప్పలేదు. భద్రత విభాగం డాక్టరమ్మ అడిగిన ప్రశ్న చెప్పాను. ఇప్పుడు మన మెయిలంతా పోతే ఎప్పుడు తిరిగొస్తుందో, నా ప్లాన్ ప్రకారమైతే ఎప్పుడొస్తుందో చెప్పాను. డైరెక్టరు గారు రెండో మెషిన్ ల్యాబ్‌లోనే ఎందుకు, ఇదే బిల్డింగులో ఇంకో అంతస్తులో పెట్టొచ్చు కదా అని అడిగారు. కరెంటు ఒకటే, నీళ్ళు ఒకటే, మెట్లు ఒకటే సార్, బిల్డింగుకే ఏదైనా అయితే రెండూ ఒక్కసారే పోతాయి అన్నాను. ఆయన కానివ్వండి అన్నారు.

ఆ తర్వాతి పని చెప్పుకోవడానికి అంత గొప్పగా ఉండదు గానీ, నాకు బాగా గుర్తుండేది అదే. ల్యాబ్‌లో మాకు ఇచ్చిన గది పాత గాజు సామాను పెట్టుకునేది. కిటికీ మూయించాం, గోడ చెమ్మ పోయేదాకా ఆగి రంగు వేయించాం. ఎలుకలున్నాయి. అందుకని ప్రతి కేబుల్‌నూ గట్టి పైపులో వేయించి, కన్నాలన్నీ సిమెంటుతో పూడ్పించాను. ఒక ఏసీ పాడైతే ఇంకోటి నడవాలని రెండు పెట్టించాను. మెషిన్‌లోకి కరెంటు రెండు దారుల్లో రావాలి, ఆ రెండు దారులూ వేరువేరు యూపీఎస్‌ల నుంచి రావాలి. ఎలక్ట్రీషియన్ రెండూ ఒకే బోర్డుకు కలిపి పోతే, విప్పించి మళ్ళీ వేయించాను. ఆయన విసుక్కున్నాడు, నేను అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. రాయదుర్గంలో సర్వర్లు పెట్టే ఇనుప ర్యాక్ బరువును నేల ఆపుతుందో లేదో బిల్డింగువాళ్ళను అడిగితే, ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. కాగితం మీద రాసిచ్చేదాకా సామాను పైకి ఎక్కించనివ్వలేదు. నా వెనక నన్ను పరేషాన్ మేడమ్ అనుకునేవాళ్ళని తర్వాత తెలిసింది. నవ్వొచ్చింది, బాధేమీ కలగలేదు.

మెయిలును కొత్తదానిలోకి మార్చడం శనివారం, ఆదివారం పగటిపూట పెట్టుకున్నాం, విభాగం తర్వాత విభాగం చొప్పున. కొన్ని వారాలు చర్చికి పోలేకపోయాను. మొదటి ఆదివారం నేను మొహమాటపడుతుంటే అమ్మ, "నీ వంతు ప్రార్థన నేను చేస్త, నువ్వు పో" అన్నది. టిఫిన్ డబ్బాలో పులిహోర కట్టి సారుకు కూడా పంపింది. ఖాళీ ఆఫీసులో సారూ నేనూ ఎదురెదురుగా కూర్చుని పులిహోర తింటూ ఒక్కొక్క మెయిల్‌బాక్సు అటు చేరడం చూశాం. భద్రత విభాగాన్ని చివరికి పెట్టాను. ఆ రోజు డాక్టరమ్మ తన ల్యాప్‌టాప్ తెచ్చుకుని వచ్చి మా పక్కనే కూర్చున్నారు. మారాక పాత మెయిళ్ళు అన్నీ వెతికి చూసుకుని, తలూపి వెళ్ళిపోయారు.

అన్నీ మారాక వచ్చిన మొదటి సోమవారం నేను మామూలుకన్నా ముందే ఆఫీసుకొచ్చాను. లిఫ్టుల దగ్గర వరస పెరుగుతోంది, అంతస్తులు నిండుతున్నాయి. నేను ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. అది మోగలేదు. చెడిపోయిందేమోనని రిసీవరు ఎత్తి చూశాను, బాగానే ఉంది. సారు రెండు ఛాయ్‌లు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డారు. గీత కొంచెం లేచి దిగింది. ఆయన ఛాయ్ నా ముందు పెట్టారు. సర్వర్లు నడిపేవాళ్ళకు చప్పట్లు ఉండవు. ఆ పొద్దున ఫోను మోగకపోవడమే నాకు చప్పట్లలా అనిపించింది. అమ్మకు ఫోను చేసి అంతా మంచిగున్నదని చెప్పాను. చర్చిలో అందరికీ చెప్తనన్నది.

ఆ తర్వాతి వానాకాలంలో ఒక పనిరోజు, పొద్దున మీటింగులు మొదలైన వేళ, మా పై అంతస్తులో నీళ్ళ పైపు పగిలింది. అది వేరే కంపెనీవాళ్ళ అంతస్తు. నీళ్ళు సీలింగులోంచి దిగి నేరుగా మా సర్వర్ రూములోకి కారాయి. తడి వాసన తగిలి నేను తలుపు తీసేసరికి ర్యాక్ మీద నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. నీళ్ళున్నచోట కరెంటు ఉంచకూడదు. సారుకు కేకేసి చెప్పాను, ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, ఆపేయమన్నారు. గదికి కరెంటు మొత్తం తీసేయించాను. ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. ఆ గదిలో నేను అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. భయమేసింది, దాచుకోను.

నా చేతిలో ఉన్న ఫోనులో మెయిలు చూశాను. ఆగింది. కొద్దిసేపు అలాగే ఉంది. తర్వాత ఒక కొత్త మెయిలు వచ్చింది. హెచ్ఆర్‌వాళ్ళు పంపిన పుట్టినరోజు కేకు. ఇంకోటి వచ్చింది, ఇంకోటి. శేరిలింగంపల్లిలో ఆ ఒకప్పటి చెమ్మగోడల గదిలో ఉన్న మెషిన్ పని అందుకుంది. నేను చేయాల్సింది ఏమీ లేదు, అన్నీ చేసిపెట్టే ఉన్నాయి. సారూ నేనూ బట్టల చేతులు పైకి మడుచుకుని, హౌస్‌కీపింగ్‌వాళ్ళతో కలిసి నీళ్ళు తోడడం మొదలుపెట్టాం.

మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. నాకు ఆమె ఫోను చేయడం అదే మొదటిసారి. ఏమి ఆగిందోనని మగ్గు చేతిలో ఉండగానే ఎత్తాను. ఆమె క్యాంటీన్‌లో విన్నారట, మా సర్వర్ రూములో నీళ్ళు పడ్డాయని. నిజమేనా అని అడిగారు. నిజమే మేడమ్, పొద్దున్నుంచి ఇక్కడి సర్వర్ ఆపేసి ఉంది అన్నాను. ఆమె, పొద్దున్నుంచి తను రెండు కేసుల మీద ఆసుపత్రులతో మెయిలులో మాట్లాడుతూనే ఉన్నానని, ఒక్కటి కూడా ఆగలేదని చెప్పారు. "మంచిగ కట్టినవ్ బిడ్డా" అన్నారు. నేను తడిసిన కుర్తాతో, చేతిలో మగ్గుతో అక్కడే నిలబడిపోయాను.

వారం తర్వాత పెద్ద మీటింగులో డైరెక్టరు గారు మా విభాగాన్ని మెచ్చుకున్నారు, మేనేజరు సారు ముందుచూపు అన్నారు. సారు లేచి నిలబడ్డారు. ఈ ప్లాన్ తనది కాదండి, ఈ అమ్మాయిదండి అన్నారు. రెండో మెషిన్ వద్దన్నది తానేనండి అని కూడా అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. అలాంటప్పుడు తల దించుకోవడం నాకు అలవాటు. ఆ రోజు దించుకోలేదు.

ఆ నెలలోనే ల్యాబ్‌కు పనిమీద పోతూ డాక్టరమ్మ నన్ను తన కారులో ఎక్కించుకున్నారు. రాయదుర్గంలో మా గది ఇంకా ఆరుతూనే ఉంది, వెయ్యిమంది మెయిలూ ఇంకా ల్యాబ్ మెషిన్ మీదే నడుస్తోంది. ఆమె దాన్ని చూడాలన్నారు. తాళం తీసి లోపలికి తీసుకెళ్ళాను. ర్యాక్‌లో ఆ మెషిన్ నాలుగు పెట్టెలుగా ఉంది, ముందు చిన్న చిన్న పచ్చలైట్లు. ఆమె చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చలికి కొంచెం ముడుచుకుని, పైనుంచి కిందిదాకా చూశారు.

"ఇంతేనా?" అన్నారు.

"ఇంతే మేడమ్" అన్నాను.

ఆమె ఇంకాసేపు నిలబడి, ఏ పెట్టె ఏం చేస్తుందో ఒక్కొక్కటే అడిగారు. నేను ఒక్కొక్కటే చెప్పాను.